హత్తో ఎవరిది

ఆ ఆదివారం మధ్యాహ్నం, మా ఇంట్లో భోజనానికి కూర్చున్న వాళ్లందరి ముందు, నేను నా కూతురి మీద ఒక అబద్ధం చెప్పాను. నవ్వించడానికి చెప్పాను. అందరూ నవ్వారు. అది అబద్ధమని అప్పుడు నాకు తోచలేదు. కాస్త మసాలా దట్టించానంతే అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అందులో నేను కొత్తగా కలిపిందేమీ లేదు. తీసేసింది ఉంది. జరిగినదాంట్లోంచి నన్ను నేను తీసేసుకున్నాను.

జరిగింది ఇది. ఆ రోజు మూడు కుటుంబాలు భోజనానికి వస్తున్నాయి. పొద్దున పదిన్నరకి, పెరుగూ కొత్తిమీరా సరిపోవని మా ఆవిడ కనిపెట్టింది. ఇండియన్ స్టోర్ పది నిమిషాల దూరం. నేను తాళాలు తీసుకోబోతుంటే మా అమ్మాయి వచ్చి అందుకుంది. దానికి పదహారు నిండి రెండు నెలలు. గురువారం డ్రైవింగ్ టెస్ట్. టెస్ట్‌కి వెళ్లే ముందు, తల్లినో తండ్రినో పక్కన కూర్చోబెట్టుకుని యాభై గంటలు నడిపినట్టు ఒక కాగితం నింపాలి, కింద మేం సంతకం పెట్టాలి. ఇంకో రెండు గంటలు మిగిలాయి. ఆ లైసెన్స్ దానికి సరదా కోసం కాదు. వేసవి సెలవుల్లో పొద్దున్నే ఆరింటికి చిన్నపిల్లలకి ఈత నేర్పే పని దొరికింది. జీవితంలో మొదటి ఉద్యోగం. ఆ వేళకి మేమిద్దరం చెరో దారిన పనికి పోతాం కాబట్టి, కారు తోలుకుని తనంతట తాను వెళ్లగలిగితేనే ఆ ఉద్యోగం.

మేముండే ఊరు ట్రాయ్‌లో కొన్ని పెద్ద రోడ్ల మీద సిగ్నల్ దగ్గర ఎడమకి తిరగనివ్వరు. సిగ్నల్ దాటి ముందుకి పోయి, రోడ్డు మధ్య గడ్డి పట్టీలో వదిలిన సందులోకి తిరిగి, అక్కడ ఆగి, అవతలి వైపు బళ్లు తెరిపి ఇచ్చినప్పుడు వాటిలో కలవాలి. ఆ సందులో ఆగినప్పుడు బళ్లు కుడివైపు నుంచి వస్తాయి. అంటే పక్కసీట్లో కూర్చున్నవాడి వైపు నుంచి. వాడు ముందుకి వంగి కూర్చుంటే నడిపేవాళ్లకి రోడ్డు కనపడదు.

నేను ముందుకి వంగి కూర్చున్నాను. ఒళ్లో ఫోన్ ఉంది. సోమవారం ల్యాబ్‌లో మొదలెట్టాల్సిన ఒక పరీక్ష గురించి ఎవరో మెసేజ్ పెడితే జవాబు టైప్ చేస్తున్నాను. ఆదివారం దానికి జవాబు ఇవ్వకపోతే కొంపలేం మునగవు. అయినా టైప్ చేస్తున్నాను.

"నాన్నా, నాకు ఆ సైడ్ కనిపించట్లే. క్లియర్ ఆ?" అని అడిగింది.

తల ఎత్తకుండానే "పో, పో, క్లియర్" అన్నాను.

కారు కదిలింది. వెంటనే హారన్. ఆ హారన్ చెవితో విన్నట్టు కాదు, పక్కటెముకల్లో విన్నట్టు గుర్తు. ఒక పెద్ద పికప్ ట్రక్కు మా ముందు నుంచి పక్క లేన్‌లోకి దూసుకుని, అదే వేగంతో వెళ్లిపోయింది. మా కారు సగం రోడ్డు మీద, సగం సందులో ఆగి ఉంది. బ్రేక్ వేసింది తనే. నేను చూడకముందే తను చూసింది. నా ఫోన్ జారి కాళ్ల దగ్గర పడింది. తను స్టీరింగ్ పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, ఊపిరి తీసుకోవడం మరిచిపోయినట్టు ఉండిపోయింది.

ఆ ఊపిరి ఆగిన క్షణానికి ఒక పేరుందని నాకు తెలుసు. చాలామంది కంటే బాగా తెలుసు. అయినా ఆ సమయంలో నా నోటి నుంచి వచ్చింది, "కళ్లెక్కడ పెట్టుకున్నావ్? చూసుకోవా?" అని.

"సారీ నాన్నా" అంది.

స్టోర్ దాకా మెల్లగా నడిపింది. నేను లోపలికి వెళ్లాను, తను కార్లోనే కూర్చుంది. పెరుగు డబ్బాలు ఉన్న అరల దగ్గరికి చేరేసరికి నాకు హమ్మయ్య అనిపించడం, అక్కడే ఉన్న ఒక తెలిసినాయనతో రెండు మాటలు మాట్లాడడం కూడా అయిపోయాయి. బయటికి వచ్చి చూస్తే తను వెనక సీట్లోకి మారి ఉంది. ఇంటికి నేనే నడిపాను.

భోజనాల దగ్గర డ్రైవింగ్ టెస్ట్ మాట వచ్చింది. గురువారం అని మా ఆవిడ గొప్పగా చెప్పింది. అప్పుడు నేను మొదలుపెట్టాను. మేడమ్ గారు ట్రక్కుకి ఎదురెళ్లారు, ట్రక్కువాడే భయపడి పక్కకి తప్పుకున్నాడు, నేను అన్ని దేవుళ్ల పేర్లూ తలుచుకున్నాను, అని చేతులతో స్టీరింగ్ పట్టి చూపిస్తూ చెప్పాను. నాకు అలా చెప్పడం వచ్చు. మా వాళ్లలో నాకు ఆ పేరుంది. రెండు వీధుల అవతల ఉండే వరంగల్ మిత్రుడు పులిహోర వడ్డించుకుంటూ, "బిడ్డా, మా ఇంటి దిక్కు వచ్చే ముందు ఒక టెక్స్ట్ కొట్టు. మేం బేస్‌మెంట్ల కూసుంటం" అన్నాడు. అందరూ పడి పడి నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది.

అమ్మాయి పళ్లెంలోంచి తలెత్తి నన్ను చూసింది. నేను తనని చూశాను. చూసి, దేవుళ్ల జాబితాకి ఇంకో పేరు తగిలించాను.

తను మరీ తొందరగా లేవలేదు. పెద్దవాళ్ల ముందు ఎలా మసలుకోవాలో మేమే నేర్పాం కదా. పెరుగన్నం తిని, పళ్లెం కడిగి, ఆంటీలకి నీళ్లు అందించి, పైకి వెళ్లిపోయింది.

ఇక ఆ మధ్యాహ్నమంతా నేను ఒకచోట కూర్చోలేదు. నిండని చెత్త సంచి బయట పడేశాను. ఎవరూ అడగని టీ పెట్టాను. గరాజ్‌లోకి వెళ్లి కారు అద్దాలు తుడిచి వచ్చాను. మిత్రులు మాట్లాడుతుంటే మధ్యలో లేచి వెళ్లి సింక్ దగ్గర నిలబడ్డాను. నాలుగింటికి అందరూ బయల్దేరాక, సామాన్లు సర్దుతూ మైక్రోవేవ్ మీద ఆ కాగితం చూశాను. యాభై గంటల కాగితం. అమ్మాయి దాన్ని అక్కడ వదిలేసి వెళ్లింది.

తను ప్రతి ప్రయాణాన్నీ శుభ్రంగా రాసుకుంది. తేదీ, ఎంతసేపు, పగలా చీకటా, వానా ఎండా. చివరి గడిలో తనకోసం చిన్న మాటలు. 'పార్కింగ్ బాగా వచ్చింది.' 'అమ్మ భయపడలేదు.' ఆ రోజు గీతలో ఇంగ్లీషులో రెండే ముక్కలు రాసింది: 'దాదాపు యాక్సిడెంట్. నా తప్పు.'

నేను ఆ కాగితం పట్టుకుని వంటింట్లో నిలబడిపోయాను. ఎందుకంటే అలాంటి కాగితాలు చదవడమే నా ఉద్యోగంలో సగం.

మాది కార్ల బ్రేకు భాగాలు పరీక్షించే ల్యాబ్. యాజమాన్యం జపాన్‌ది. పన్నెండేళ్ల కింద నేను చేరినప్పుడు అక్కడి నుంచి మూడేళ్ల పని మీద వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు. మెడ దాకా జిప్ వేసిన కంపెనీ జాకెట్, జేబులో నాలుగు రంగుల పెన్ను. ల్యాబ్ తలుపు పక్కన ఒక అట్టపెట్టె, గులాబీరంగు కార్డుల కట్ట పెట్టించింది ఆయనే. వాటిని హియారి-హత్తో కార్డులు అంటారు. హియారి అంటే వెన్నులోంచి చల్లగా ఏదో పాకడం. హత్తో అంటే ఉన్నట్టుండి ఉలిక్కిపడడం, ఊపిరి చటుక్కున ఆగే ఆ క్షణం. ఎవరికీ దెబ్బ తగలలేదు, ఏదీ విరగలేదు, కానీ గుండె గుభేలుమంది. అలాంటిది జరిగితే కార్డు రాసి పెట్టెలో వెయ్యాలి. ప్రతి శుక్రవారం ఆయన అందరి ముందూ నిలబడి అన్నీ పైకి చదివేవారు. ఎవరినీ ఏమీ అనేవారు కాదు.

మొదటి కార్డు తనదే చదివారు. మెట్లు దిగుతూ, ఇంటి నుంచి కూతురు పంపిన ఫోటో ఫోన్‌లో చూస్తూ, ఒక మెట్టు తప్పానని, చెయ్యి కమ్మీకి తగిలింది కాబట్టి బతికానని. ల్యాబ్ అంతా నవ్వింది. ఆయనా నవ్వి, ఆ కార్డుని బోర్డుకి గుచ్చారు.

మేం తెలుగువాళ్లం మాత్రం నెలల తరబడి ఒక్క కార్డూ రాయలేదు. అప్పుడు దాదాపు అందరం హెచ్-వన్ వీసా మీద ఉన్నాం. "ఇవన్నీ రాస్తే రేపు లేఆఫ్ లిస్ట్‌లో ఫస్ట్ మన పేరే ఉంటదన్నా" అన్నాడు నాతో పనిచేసే ఒకతను. నాకూ అదే భయం. అయితే బొత్తిగా రాయకపోయినా బావుండదని, నేను ఒక ఉపాయం కనిపెట్టాను. దారిలో ఎవరో పెట్టె వదిలారు, ఫోర్క్‌లిఫ్ట్ తగలబోయింది. ఎవరో బోల్టు బిగించలేదు. ఎవరో, ఎవరో. బోలెడు రాశాను. ఒకరోజు పెద్దాయన దారిలో పెట్టె గురించి రాసిన కార్డు వెనక్కి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. కింద నీలం సిరాతో ఒక ప్రశ్న: 'హత్తో ఎవరిది?'

అర్థం కాలేదని వెళ్లి అడిగాను. ఆయన ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉండేది. ఈ కార్డులో పెట్టె ఉంది, ఫోర్క్‌లిఫ్ట్ ఉంది, ఉలిక్కిపడిన మనిషి మాత్రం లేడు, పెట్టెకి ఊపిరి ఆగదు కదా అన్నారు. ఆ పెట్టె వదిలింది నేనే. ఆయనకి తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చెప్పలేదు.

ఆయన వెళ్లిపోయారు. నాకు గ్రీన్ కార్డ్ వచ్చింది, భయం పోయింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి హియారి-హత్తో గురించి చెప్పేది నేనే. బాగా చెబుతానని పేరు కూడా ఉంది. మన భాషలో అమ్మో అని ఒక మాట, హమ్మయ్య అని ఒక మాట ఉన్నాయి, మనం మొదటిది అన్న మరుక్షణం రెండోదానికి దూకేస్తాం, ఆ రెండింటి మధ్య ఒక్క నిమిషం ఆగి రాయడమే ఈ కార్డు, అని మనవాళ్లు ఎదురుగా ఉన్నప్పుడు చెబుతాను. తలలూపుతారు. 'నేను' అని మొదలుపెట్టి నేను రాసిన కార్డులూ కొన్ని ఉన్నాయి. ఊడిన బూటులేసు, ఒలికిన కాఫీ. ఎవరికీ తగలనివి, నాకు ఖర్చులేనివి.

ఇప్పుడు నా కూతురు, ఎవరూ చెప్పకుండానే, ఆ కార్డు రాసింది. తప్పు కార్డు. అందులో ఉండాల్సిన మనిషి లేడు.

పైకి వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని టైప్ చేస్తోంది. ఏంటని అడిగితే, ఈత కొలను మేనేజర్‌కి మెయిల్ అంది. పనికి రాలేనని చెప్పేస్తోందట. గురువారం టెస్ట్ కూడా అమ్మని క్యాన్సిల్ చేయమంటుందట. ఏడవడం లేదు. లెక్కల హోంవర్కు చేస్తున్నట్టు ఉంది మొహం.

కాగితం చూపించి, ఇది నీ తప్పు కాదు, నేను చూడకుండా క్లియర్ అన్నాను, నీకు అడ్డంగా కూర్చున్నది కూడా నేనే అన్నాను.

"ఐ నో" అంది. "నువ్వు చూడలేదని నాకు తెలుసు. కానీ డ్రైవర్ నేను కదా, కనిపించకపోతే ఆగాలి. ఇట్స్ ఫైన్. నాకు మ్యాడ్‌గా ఉంది దానికి కాదు."

"మరి?"

"అంకుల్ వాళ్లు నవ్వుతుంటే నేను నిన్ను చూశాను. నువ్వు కూడా చూశావ్. చూసి, ఆపలేదు."

మెయిల్ ఒక గంట పంపకుండా ఆపగలవా అని అడిగాను. దేనికని అడిగింది. కొన్ని ఫోన్లు చేసుకోవాలన్నాను. భుజాలు ఎగరేసింది. సరే అన్నట్టే తీసుకున్నాను.

కిందికి వచ్చి ఆఫీసు బ్యాగులోంచి గులాబీరంగు కార్డు ఒకటి తీశాను. మొదటి వాక్యం రెండుసార్లు కొట్టేశాను. మొదటిసారి 'ఫోన్ చూస్తుండగా' అని వచ్చింది, ఎవరు చూస్తుండగా అన్నది లేకుండా. రెండోసారి 'మేము' అని వచ్చింది. పన్నెండేళ్ల అలవాటు చేతికి ఎక్కింది. చివరికి రాశాను. 'నేను ఫోన్‌లో మెసేజ్ టైప్ చేస్తున్నాను. నా కూతురు దారి ఖాళీగా ఉందా అని అడిగింది. నేను చూడలేదు. ఖాళీగా ఉందని చెప్పాను. బ్రేక్ వేసి ఇద్దరినీ కాపాడింది తను. నేను తనని తిట్టాను. తర్వాత నలుగురిలో తనని నవ్వులపాలు చేశాను.' ఆఖరి వాక్యానికి ఆ కార్డులో గడి లేదు. అంచు మీద రాశాను.

ముందు మా ఆవిడకి చదివి వినిపించాను. గిన్నెలు తుడుస్తున్నది ఆగిపోయింది. "నేనూ నవ్వాను కదండీ" అంది. నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

తర్వాత మూడు ఇళ్లకీ ఫోన్ చేశాను. మెసేజ్ పెట్టేసి ఊరుకోవచ్చు. గ్రూప్‌లో పెడితే ఒక్క నిమిషం పని. కానీ చెప్పిన అబద్ధం నోటితో చెప్పింది. మెట్ల కింద నిలబడి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, పైకి వినిపించేటట్టు ఒక్కొక్కరికీ కార్డు చదివాను. మొదటి ఇంటి ఆవిడ, కార్లో పిల్ల నడుపుతుంటే ఫోనేంటి అని పది నిమిషాలు చీవాట్లు పెట్టింది. విన్నాను. రెండో ఆయన మాట మార్చి వాళ్ల అబ్బాయి టెస్ట్ సంగతులు చెప్పాడు.

వరంగల్ మిత్రుడు మొదట నవ్వాడు. "ఇంత చిన్నదానికి ఫోన్ ఏందన్నా?" అన్నాడు. కార్డు మొత్తం విన్నాక అటువైపు టీవీ చప్పుడు తగ్గింది. "ఒక్కసారి బిడ్డకి ఫోన్ ఇయ్యి" అన్నాడు.

తను అప్పటికే మెట్ల మీద పై వరసలో కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు. దిగి వచ్చి ఫోన్ అందుకుని, స్పీకర్ తీసేసింది. అటు ఏం చెప్పాడో కొంతే వినిపించింది. "ఇట్స్ ఓకే అంకుల్" అని రెండుసార్లు అంది. మూడోసారి, "లేదంకుల్, నేను టెక్స్ట్ చెయ్యను. డైరెక్ట్‌గా వచ్చేస్తా" అంది. ఫోన్ నా చేతిలో పెట్టి, ఇంక ఎవరికీ చెయ్యొద్దు, ఇట్స్ సో ఎంబరాసింగ్ అంది.

సరే అన్నాను. ఇంకొకటి అడగొచ్చా అన్నాను. కారు తీసుకుని మళ్లీ ఆ సందు దాకా వెళ్దామా, నడపనంటే నడపొద్దు, నేనే నడుపుతాను, నువ్వు పక్కన కూర్చో అన్నాను. ఫోన్ ఎక్కడ పెడతావని అడిగింది. వంటింట్లో, పెరుగు గిన్నె పక్కన పెట్టేశాను. చూసింది. తాళాలు తనే తీసుకుంది.

ఆరు దాటింది, ఎండ ఇంకా బాగా ఉంది. సిగ్నల్ దాటి సందులోకి తిరిగి ఆగింది. నేను సీటు వెనక్కి జరిపి, తల వెనక్కి ఆనించి, తనకీ రోడ్డుకీ మధ్య నేను లేకుండా చూసుకున్నాను. కుడివైపు చూస్తూ, కనిపించింది కనిపించినట్టు చెప్పాను. తెల్ల వ్యాన్ ఒకటి వస్తోంది. దాని వెనక రెండు కార్లు. స్కూల్ బస్సంత పొడుగు ట్రక్కు ఒకటి, దూరంగా. క్లియర్ అనే మాట నేను అనలేదు. ఆ మాట తనది.

వ్యాన్ పోయింది. కార్లు పోయాయి. ట్రక్కు కూడా పోయింది. వెనక ఎవడో హారన్ కొట్టాడు. "వాణ్ని కొట్టుకోనీ" అన్నాను. తను ముందుకి వంగి, నన్ను దాటి, తన కళ్లతో తను చూసుకుంది. ఇంకొంచెం ఆగింది. అప్పుడు వెళ్లింది.

మళ్లీ సిగ్నల్ దాకా వెళ్లి, తిరిగి, అదే సందులో ఇంకో నాలుగుసార్లు ఆగాం. అయిదోసారి నేను ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను. తను అడగలేదు.

ఇంటికి వచ్చాక కాగితం బల్ల మీద పరిచాను. పొద్దుటి గీతలో తను రాసిన మాటలు కొట్టేయబోతే వద్దంది. ఫారం మెస్సీగా ఉంటే టెస్ట్ పెట్టేవాళ్లు అడుగుతారట. అందుకని ఆ గడి పక్కన, మిగిలిన కాస్త ఖాళీలో, సన్నటి అక్షరాలతో 'పక్కసీటులో ఉన్నవాడి తప్పు' అని రాసి, నా పేరు రాసి, సంతకం పెట్టాను. కింద కొత్త గీతలో ముప్పావుగంట నింపాను. తను ఆ రెండు గీతలూ చదివి, కాగితం మడిచి తన బ్యాగులో పెట్టుకుంది. తర్వాత ఫ్రిజ్ తెరుస్తూ, గురువారం టెస్ట్ ఎన్నింటికని వాళ్లమ్మని అడిగింది.

సోమవారం పొద్దున ల్యాబ్‌కి వెళ్లగానే ఆ గులాబీరంగు కార్డు పెట్టెలో వేశాను. శుక్రవారం నిలబడి నేనే చదివాను.